చెయ్యి చాపితే దీపం వెలగాలి: ఆగ్మెంటెడ్ రియాలిటీ చేతితో స్మార్ట్ హోమ్ నడపడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ బొమ్మలను మన అసలు గదిలోనే ఉన్నట్టు చూపించడాన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. అలా గీసిన పొడవైన చేతితో ఇంట్లోని దీపాలూ ఫ్యాన్లూ దూరం నుంచే నడిపే ప్రయోగాలు రెండేళ్లుగా నా గదిలోనే చేస్తున్నాను. మధ్యలో కుడి భుజం పట్టేసి నాలుగు నెలల పాటు చెయ్యి పైకి లేవలేదు. అంతవరకు సరదాగా చూసిన విషయం అప్పటినుంచి నాకు అవసరంగా కనిపించింది. నన్ను అడిగినవాళ్ల ప్రశ్నలు, నాకు నేను వేసుకున్న ప్రశ్నలు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఇదేమిటి? చెయ్యి పొడవు పెరగడమంటే ఏమిటి?

మీ చేతి కదలికను కెమెరా గానీ సెన్సర్ గానీ గమనిస్తుంది. దాంతో పాటే కదిలే ఇంకో చెయ్యి, కంప్యూటర్ గీసినది, మీ అసలు గదిలోనే మీకు కనిపిస్తుంది. సోఫాలో కూర్చుని చెయ్యి కొంచెం చాపితే ఆ బొమ్మ చెయ్యి గది అవతలి మూల దాకా సాగి అక్కడి దీపం మీద వాలుతుంది. వేళ్లు కలిపితే దీపం వెలుగుతుంది. మణికట్టు తిప్పితే వెలుగు తగ్గుతుంది. పాత కథల్లో వీరుణ్ని ఆజానుబాహుడని పొగిడేవారు, చేతులు మోకాళ్ల దాకా ఉన్నాయని. ఈ చెయ్యి ఎదుటి గోడను కూడా అందుకుంటుంది.

మామూలు గెశ్చర్ కంట్రోల్‌కీ దీనికీ తేడా ఉంది. గాల్లో గుండ్రంగా గీస్తే ఫ్యాన్ తిరుగుతుందంటే అదొక సంకేతం. ఏ గీతకు ఏ పనో మనం గుర్తుపెట్టుకోవాలి. పొడవైన చేతితో గుర్తుపెట్టుకోవాల్సింది దాదాపు ఏమీ ఉండదు. వస్తువు ఎక్కడుందో అక్కడికే చెయ్యి వెళ్తుంది, దగ్గరున్న వస్తువుతో ఏం చేస్తామో అదే చేస్తుంది.

ఫోన్‌లో యాప్ ఉంది, మాట వినే స్పీకర్ ఉంది. మళ్లీ ఇదెందుకు?

ఒకటి రెండు బల్బులుంటే అక్కర్లేదు. నిజాయితీగా చెప్పాలంటే అప్పుడు గోడ మీది స్విచ్చే చాలు.

పరికరాలు పెరిగాక పేర్ల చిక్కు మొదలవుతుంది. ఒకే గదిలో ఆరు లైట్లుంటే ఆరింటికీ పేర్లు పెట్టాలి. కిటికీ పక్కనున్న దీపం పేరు 'హాల్ లైట్ 3' అని ఎవరికి గుర్తుంటుంది? యాప్ తెరిచి, గది ఎంచుకుని, జాబితాలో వెతికి నొక్కేసరికి లేచి వెళ్లి స్విచ్ వేసే పని అయిపోయేది. మాటతో నడిపే స్పీకర్‌కైనా పేరే కావాలి. పైగా పిల్లలు నిద్రపోతున్నప్పుడు గట్టిగా మాట్లాడలేం.

కళ్లెదుట ఉన్నదాన్ని మనుషులు పేరుతో పిలవరు, చూపించి 'అది' అంటారు. ఈ విషయం కంప్యూటర్ రంగానికి ఎప్పుడో తెలుసు. 1980లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బోల్ట్ చూపించిన వ్యవస్థలో మనిషి పెద్ద తెర వైపు చెయ్యి చాపి 'దాన్ని అక్కడ పెట్టు' అంటే చాలు, తెర మీది ఆకారం అక్కడికి జరిగేది. 'దాన్ని', 'అక్కడ' అన్న మాటలకు అర్థం ఇచ్చింది ఆ చెయ్యే. స్మార్ట్ హోమ్‌లో మనం పోగొట్టుకున్నది ఆ సౌకర్యమేనని నా అభిప్రాయం.

బొమ్మ చేతిని మెదడు తన చెయ్యే అనుకుంటుందా?

చాలావరకు అనుకుంటుంది. ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1998లో మాథ్యూ బాట్వినిక్, జొనాథన్ కోహెన్ అనే శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో చిన్న ప్రయోగం ఒకటి ప్రచురించారు. మనిషి అసలు చేతిని తెర వెనక దాచి, కళ్లెదుట రబ్బరు చెయ్యి పెట్టారు. రెండింటినీ ఒకేసారి, ఒకే తీరులో కుంచెతో నిమిరారు. కాసేపటికి ఆ రబ్బరు చెయ్యి తమదేననీ, కుంచె స్పర్శ అక్కడే తెలుస్తోందనీ పాల్గొన్నవాళ్లు చెప్పారు. కంటికి కనిపించేదీ ఒంటికి తెలిసేదీ ఒకే క్షణంలో జరిగితే, అది తన శరీరమేనని మెదడు ఒప్పేసుకుంటుంది.

అంతకు రెండేళ్ల ముందు, 1996లో, జపాన్‌లో అత్సుషి ఇరికి బృందం కోతులకు చిన్న గొర్రు లాంటి పనిముట్టు ఇచ్చి దూరంగా ఉన్న తిండిని లాక్కోవడం నేర్పింది. చేతి చుట్టూ ఉన్న చోటును గమనించే కొన్ని మెదడు కణాలు, పని మొదలయ్యాక గొర్రు పొడవునా ఉన్న చోటును కూడా చేతి చోటులాగే గమనించడం మొదలుపెట్టాయి. గొర్రును ఊరికే పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఆ మార్పు రాలేదు. పని చేస్తేనే పనిముట్టు శరీరంలో భాగమవుతుంది. అందుకే బొమ్మ చెయ్యి ఎంత అందంగా గీసినా దానితో నిజంగా దీపం వెలగకపోతే అది బొమ్మగానే మిగిలిపోతుంది.

ఇక పొడవు సంగతి. 2012లో కాన్స్టాంటినా కిల్టెని, మెల్ స్లేటర్ తదితరులు వర్చువల్ రియాలిటీలో, అంటే చుట్టూ అంతా కంప్యూటర్ గీసిన లోకమే కనిపించే పద్ధతిలో, ఒక చేతిని మెల్లగా సాగదీసి చూశారు. అసలు చేతికి మూడు రెట్లు పొడవైనా అది తమ చెయ్యే అన్న భావన చాలామందిలో నిలిచింది. మరీ పొడవైతే ఆ భావన బలహీనపడింది.

అసలు చెయ్యి అరవై సెంటీమీటర్లే సాగుతుంది కదా, గది చివరి దాకా ఎలా అందుతుంది?

దీనికి మంచి దారి 1996లోనే చూపించారు. ఐవన్ పుపిరెవ్, మార్క్ బిలింగ్‌హర్స్ట్ తదితరులు రూపొందించిన ఆ పద్ధతి పేరు గో-గో. చెయ్యి ఒంటికి దగ్గరగా ఉన్నంతసేపు బొమ్మ చెయ్యి అసలు చేతితో సమానంగానే కదులుతుంది. చేతి పొడవులో సుమారు మూడింట రెండు వంతులు దాటాక బొమ్మ చెయ్యి వేగం అందుకుంటుంది. దాటిన దూరాన్ని వర్గం చేసి, ఒక గుణకంతో గుణించి, అసలు దూరానికి కలుపుతారు.

లెక్క వేసి చూద్దాం. చెయ్యి పూర్తిగా చాపితే 60 సెంటీమీటర్లు, హద్దు 40 దగ్గర అనుకోండి. దాటింది 20, దాని వర్గం 400. గుణకం ఆరో వంతు అయితే దాదాపు 67 కలిసి బొమ్మ చెయ్యి 127 సెంటీమీటర్లకు చేరుతుంది. అదే గుణకం ఒకటి అయితే 460, అంటే నాలుగున్నర మీటర్లకు పైనే. మామూలు గదికి సరిపోతుంది.

కానీ దీనికో ధర ఉంది. గుణకం ఒకటైనప్పుడు ఆ చివరి కొసన అసలు చెయ్యి ఒక్క సెంటీమీటరు కదిలితే బొమ్మ చెయ్యి సుమారు 41 సెంటీమీటర్లు కదులుతుంది. వేళ్లలో రెండు మిల్లీమీటర్ల వణుకు ఉంటే అక్కడ ఎనిమిది సెంటీమీటర్ల ఊగిసలాట అవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు స్విచ్చుల్లో ఒకదాన్ని అందుకోవడం కష్టమవుతుంది.

చెయ్యి బదులు వేలి నుంచి కిరణం పంపినా ఇదే బాధ. ఒక్క డిగ్రీ తేడా వస్తే ఐదు మీటర్ల దూరంలో గురి దాదాపు 9 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. వేళ్లు కలిపే క్షణంలో చెయ్యి సహజంగానే కొంచెం కదులుతుంది, గురి తప్పేది సరిగ్గా అప్పుడే. అందుకే మంచి వ్యవస్థలు వేళ్లు కలవడానికి ఒక్క క్షణం ముందు గురి ఎక్కడుందో దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. దగ్గరలో ఉన్న పరికరం చెయ్యిని కొంచెం తన వైపు లాక్కునేలా కూడా అమర్చుతారు. నా గదిలో ఈ లాగుడు పెట్టిన రోజు నుంచే వాడకం హాయిగా మారింది.

కళ్లద్దాలు తప్పనిసరా?

కాదు. రెండు దారులున్నాయి.

మొదటిది తలకు పెట్టుకునేది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 లాంటి వాటిలో గాజు గుండా గదిని నేరుగా చూస్తాం. మెటా క్వెస్ట్ 3, యాపిల్ విజన్ ప్రో లాంటి వాటిలో కెమెరాలు తీసిన గది దృశ్యాన్ని లోపలి తెర మీద చూస్తాం. చేతి కీళ్లను గుర్తించే పని వీటిలో బాగా ముదిరింది. ఇలాంటి పరికరాలకు ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ఒక్కో చేతికి 26 గుర్తింపు బిందువులు ఇస్తుంది. అయితే దీపం వేయడం కోసం రోజంతా తలకు బరువు మోయమని నేను ఎవరికీ చెప్పను. ఇవి తేలికపాటి కళ్లజోళ్లంత అయ్యేదాకా ప్రయోగానికి మాత్రమే.

రెండో దారి ప్రొజెక్టర్. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ బాట పట్టారు. మనిషి తన ముందున్న టచ్ ప్యానెల్ మీద చెయ్యి పెట్టి కదిలిస్తే, ప్రొజెక్టర్ వెలుగుతో గీసిన చెయ్యి గదిలోని గోడల మీద, వస్తువుల మీద సాగుతుంది. కళ్లకు ఏమీ పెట్టుకోనక్కర్లేదు. ఇంకో గొప్ప లాభం, ఆ చెయ్యి గదిలో అందరికీ కనిపిస్తుంది. మీరు ఏ దీపం వైపు వెళ్తున్నారో పక్కవాళ్లకూ తెలుస్తుంది. లోపమల్లా పట్టపగటి వెలుతురులో బొమ్మ వెలిసిపోవడం, ముదురు రంగు వస్తువుల మీద సరిగ్గా కనిపించకపోవడం.

నా చెయ్యి ఏ పరికరం మీదుందో దానికెలా తెలుస్తుంది?

తలకు పెట్టుకున్న పరికరం తన కెమెరాలతో గదిని చూస్తూ, తాను ఎక్కడుందో లెక్కగడుతూ, గది పటం కూడా తయారు చేసుకుంటుంది. ఆ పటంలో 'ఈ చోట దీపం ఉంది' అని ఒక గుర్తు పెడతాం. తర్వాత బొమ్మ చెయ్యి ఆ గుర్తు దగ్గరకు వస్తే ఏ పరికరమో తెలిసిపోతుంది. 1997లో రోనాల్డ్ అజూమా ఆగ్మెంటెడ్ రియాలిటీకి చెప్పిన మూడు లక్షణాల్లో ఒకటి ఇదే: కల్పిత వస్తువు అసలు ప్రపంచంలో త్రిమితీయంగా సరైన చోట కుదురుకోవాలి.

దీపాన్ని వేరే బల్ల మీదకు జరిపితే గుర్తు పాత చోటే ఉండిపోతుంది. మళ్లీ పెట్టాలి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ ఉన్న పరికరాలైతే తామెక్కడున్నాయో రేడియో తరంగాలతో సుమారు పది సెంటీమీటర్ల తేడాలో చెప్పగలవు, కానీ మామూలు బల్బుల్లో ఆ చిప్ ఉండదు.

ఏయే పరికరాలు పనిచేస్తాయి?

కొత్తగా కొనేవాళ్లు మ్యాటర్ అనే ఉమ్మడి స్మార్ట్ హోమ్ ప్రమాణం ఉన్నవి చూసుకుంటే మంచిది. 2022 అక్టోబరులో దీని మొదటి వెర్షన్ వచ్చింది. బల్బులు, ప్లగ్గులు, తాళాలు, గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌లు, కిటికీ తెరలు అందులో ఉన్నాయి. 2023లో వచ్చిన 1.2 వెర్షన్‌లో ఫ్యాన్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు చేరాయి. వేర్వేరు కంపెనీల పరికరాలతో ఒకే భాషలో మాట్లాడవచ్చు కాబట్టి, చెయ్యి వైపు ప్రోగ్రామ్ ఒక్కటి రాసుకుంటే చాలు.

రిమోట్‌తో నడిచే పాత ఏసీ, టీవీలను ఇన్‌ఫ్రారెడ్ పరికరంతో కలపవచ్చు. కానీ ఇన్‌ఫ్రారెడ్‌లో మాట ఒకవైపే వెళ్తుంది. ఏసీ నిజంగా ఆన్ అయిందో లేదో తిరిగి చెప్పదు. బొమ్మ చెయ్యి ఏసీ మీద పెట్టినప్పుడు 24 డిగ్రీలు అని చూపిస్తే, అది ఏసీ చెప్పిన సంఖ్య కాకపోవచ్చు, మనం చివరిసారి పంపిన సంఖ్య మాత్రమే కావచ్చు. ఈ తేడాను తెర మీద స్పష్టంగా చూపించాలి.

వేళ్లు కలిపాక దీపం ఆలస్యంగా వెలుగుతోంది. ఏం చేయాలి?

ఇక్కడ రెండు ఆలస్యాలున్నాయి, వాటిని విడివిడిగా చూడాలి.

ఒకటి అసలు చేతికీ బొమ్మ చేతికీ మధ్య. ఇందులో రాజీ పనికిరాదు. తల తిప్పినప్పుడు దృశ్యం మారడానికి 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో సాధారణ నియమం. చేతి విషయంలో కొంచెం ఎక్కువైనా ఓర్చుకోవచ్చు గానీ, చూసేదానికీ కదిపేదానికీ మధ్య ఎడం 300 మిల్లీసెకన్లు దాటితే 'ఇది నా చెయ్యి' అన్న భావనే సడలిపోతుంది.

రెండోది బొమ్మ చేతికీ దీపానికీ మధ్య. నా మొదటి బల్బు ప్రతి ఆజ్ఞనూ ఇంటర్నెట్ దాకా పంపి వెనక్కి తెచ్చుకునేది. ఒక్కోసారి రెండు సెకన్లు పట్టేది. నేను వెలగలేదనుకుని మళ్లీ వేళ్లు కలిపేవాణ్ని, వెలిగిన దీపం ఆరిపోయేది. మూడు రోజులకే విసుగొచ్చి మొత్తం పక్కన పెట్టేశాను. తర్వాత ఇంట్లోనే నడిచే హబ్‌కు, అంటే పరికరాలన్నిటినీ కలిపి నడిపే చిన్న పెట్టెకు, మారాక ఆ బాధ పోయింది. పదో వంతు సెకనులో స్పందన వస్తే మనిషికి వెంటనే జరిగినట్టే ఉంటుంది. దీపం ఆలస్యమైనా కనీసం బొమ్మ చేతివేళ్ల చుట్టూ చిన్న వెలుగు వెంటనే రావాలి, 'అందింది, ఆగు' అన్నట్టు.

తల గోక్కోవడానికి చెయ్యి ఎత్తితే లైట్లన్నీ ఆరిపోతాయా?

చేతకాని అమరికలో ఆరిపోతాయి. తాకిన ప్రతిదాని మీదా పని జరిగిపోతే అది భస్మాసుర హస్తమే. కంటి చూపుతో కంప్యూటర్ నడిపే ప్రయోగాల్లో రాబర్ట్ జేకబ్ ఈ చిక్కును 1990లోనే వివరించారు: చూడడమే నొక్కడం అయితే ఊరికే చూసే వీలుండదు.

పరిష్కారం చెయ్యిని పిలవడం, పంపేయడం అనే రెండు మెట్లు పెట్టడం. నేను బొటనవేలిని ఉంగరపు వేలికి అరసెకను ఆనించి ఉంచితేనే పొడవైన చెయ్యి మొలుస్తుంది. ఆ భంగిమ రోజువారీ పనుల్లో దాదాపు రాదు. కొన్ని సెకన్లు ఏమీ చేయకపోతే అదే మాయమవుతుంది.

చెయ్యి గాల్లో పట్టుకుని ఉంటే నొప్పి రాదా?

వస్తుంది. నిమిషం దాటితే భుజం బరువెక్కుతుంది. అందుకే చెయ్యి ఎప్పుడూ పైకెత్తాలన్న నియమం పెట్టకండి. 2024లో వచ్చిన విజన్ ప్రోలో చూపుతో గురి చూసి, ఒళ్లో ఉన్న చేతి వేళ్లు కలిపితే చాలు. చేతి కండరాల విద్యుత్ సంకేతాలను చదివే మణికట్టు పట్టీలైతే కెమెరాకు చెయ్యి కనిపించకపోయినా పనిచేస్తాయి. 2025లో మెటా అలాంటి పట్టీని తన డిస్‌ప్లే కళ్లజోడుతో కలిపి తెచ్చింది.

నా భుజం పట్టేసినప్పుడు మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి, మణికట్టు మాత్రమే కదిలించేలా మార్చుకున్నాను. మణికట్టు పైకి వంగితే బొమ్మ చెయ్యి సాగుతుంది, కిందికి వంగితే ముడుచుకుంటుంది. రెండు రోజుల్లో అలవాటైంది. భుజం బాగైనా ఆ అమరిక మార్చలేదు.

మంచం దిగలేనివాళ్లకు ఇది నిజంగా ఉపయోగమా?

నా దృష్టిలో ఈ సాంకేతికతకు అసలైన కారణం వాళ్లే. కాళ్లూ చేతులూ బాగున్నవాడికి ఇది సౌకర్యం. పదేపదే ఎవరి సాయమో అడగాల్సి వచ్చే మనిషికి ఇది స్వాతంత్ర్యం. ఫ్యాన్ కొంచెం తగ్గించమని అర్ధరాత్రి ఎవరినో లేపడం ఎంత కష్టంగా ఉంటుందో లేపినవాళ్లకే తెలుసు. మాట స్పష్టంగా రానివాళ్లకు మాటల స్పీకర్ కూడా పనికిరాదు.

ఒసాకా బృందం 2016లో చక్రాల కుర్చీకి ప్రొజెక్టర్ అమర్చి, కూర్చున్న చోటు నుంచే బొమ్మ చెయ్యి చాపే రూపాన్ని చూపించింది. వస్తువు వైపు చెయ్యి చాపి ఎదుటి మనిషికి చూపించడానికి కూడా అది పనికొస్తుంది. ఆ రెండో ఉపయోగం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే చెయ్యి ఉన్నది స్విచ్చులు నొక్కడానికే కాదు.

అమర్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఎంత కదలిక చాలు, వణుకును ఎంత వడకట్టాలి, వేళ్లు ఎంతసేపు కలిపి ఉంచాలి అన్నవి ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతితోనే తేల్చాలి. పొద్దున ఒకసారి, అలసిపోయిన సాయంత్రం ఇంకోసారి చూడాలి. రెండూ ఒకలా ఉండవు.

తలుపు తాళం, హీటర్, పొయ్యి కూడా ఇలా నడపవచ్చా?

దూరం నుంచి చూడడం వరకు మంచిదే. తాళం పడిందా లేదా అని మంచం మీది నుంచి చూసుకుంటే మనసుకు నెమ్మది. నడపడం మాత్రం వేరే సంగతి. దీపం పొరపాటున వెలిగితే నష్టం లేదు, హీటర్ వెలిగితే ప్రాణం మీదకు రావచ్చు. వేడి పుట్టించేవి, తలుపులు తెరిచేవి అయితే రెండో ధ్రువీకరణ తప్పకుండా ఉండాలి. గురి పెట్టి వేళ్లు కలిపాక, అక్కడ కనిపించే గడియను పక్కకు జరిపితేనే పని జరగాలి. ఆపడానికి మాత్రం ఒక్క కదలిక చాలేలా పెట్టండి. నా ఇంట్లో పొయ్యిని బొమ్మ చేతికి ఆపే అధికారమే ఇచ్చాను, వెలిగించే అధికారం ఇవ్వలేదు.

ఇంటి లోపలి పటం, కెమెరా దృశ్యాలు బయటకు పోతాయేమో?

ఆ భయం సరైనదే. గది పటంలో మీ ఇంటి కొలతలుంటాయి, ఏ వస్తువు ఎక్కడుందో ఉంటుంది, ఎవరు ఏ వేళకు ఏ గదిలో ఉంటారో కూడా వాడకాన్ని బట్టి తెలుస్తుంది. చేతి గుర్తింపు పరికరంలోనే జరుగుతోందా, పటం ఎక్కడ దాస్తున్నారు, చెరిపేసే దారి ఉందా అన్న మూడూ కొనేముందే చూడండి. ఇంటికి వచ్చినవాళ్లు కెమెరా ముందున్నామని తెలుసుకునే హక్కున్నవాళ్లు. వాళ్లకు చెప్పండి, వద్దంటే తీసేయండి.

ఇద్దరు ఒకేసారి ఒకే దీపం మీద చెయ్యి పెడితే?

ముందు పట్టుకున్నవాళ్లు వదిలేదాకా రెండోవాళ్లకు ఆ దీపం చుట్టూ గీత కనిపించాలి. ప్రొజెక్టర్ పద్ధతిలో ఇద్దరికీ రెండు చేతులూ కనిపిస్తాయి కాబట్టి ఈ తగాదా పెద్దగా రాదు.

ఇంటర్నెట్ పోతే?

మ్యాటర్ పరికరాలు, ఇంట్లోనే నడిచే హబ్ ఉంటే నడుస్తూనే ఉంటాయి. ఆజ్ఞలు బయటకు వెళ్లి రావాల్సిన పరికరాలైతే ఆగిపోతాయి. కరెంటే పోతే చెప్పేదేముంది.

నేనూ ప్రయత్నించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక గది, ఒక దీపం. అంతకంటే వద్దు. వెలుగు తగ్గించే వీలున్న బల్బు తీసుకోండి, ఎందుకంటే వెలిగించడం ఆర్పడం కంటే మణికట్టు తిప్పి వెలుగు తగ్గించినప్పుడే చెయ్యి నిజంగా సాగినట్టు తెలుస్తుంది. చేతి గుర్తింపు ఉన్న హెడ్‌సెట్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. యూనిటీ లాంటి గేమ్ ఇంజిన్‌లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) ముందు అసలు చేతితో సమానంగా కదిలే చెయ్యి చేసి, అది సరిగ్గా వచ్చాకే సాగదీయండి. గుణకాన్ని చిన్నగా మొదలుపెట్టి రోజుకు కొంచెం పెంచండి.

గోడ మీది స్విచ్‌ను తీసేయకండి. స్మార్ట్ బల్బుకు కరెంటు ఆపేస్తే అది ఎవరి మాటా వినదు కాబట్టి, స్విచ్ నొక్కినా బల్బుకు కరెంటు అందుతూనే ఉండి ఆజ్ఞ మాత్రమే వెళ్లేలా స్మార్ట్ స్విచ్ పెట్టించుకోండి. ఈ వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఇంట్లో మిగతావాళ్లకు ఎప్పటిలా స్విచ్ ఉంటుంది, మీకు పొడవైన చెయ్యి ఉంటుంది. వారం తర్వాత ఏ చేతితో దీపం ఎక్కువసార్లు వేశారో రాసుకుని చూడండి. గోడ స్విచ్ వైపే ఎక్కువ వెళ్తున్నారంటే, బొమ్మ చేతిలో ఆలస్యమో వణుకో మిగిలే ఉంది. రెండో దీపం కొనేముందు అది సరిచేయండి.